అమ్మ చదివిన చరిత్ర పుస్తకాలు, రాసుకున్న నోట్సు: సంవత్సరీకంలోగా ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అయిదు నెలల క్రితం అమ్మగారు పోయారు. తిరుపతిలో ఆవిడ ఉన్న ఇల్లు వచ్చే వేసవిలో ఖాళీ చేయాలి. మూడు బీరువాల నిండా పుస్తకాలున్నాయి. ఎక్కువ భాగం చరిత్ర, జీవిత చరిత్రలు, వారపత్రికల నుంచి చించి కుట్టించుకున్న సీరియళ్లు. ఒక ట్రంకుపెట్టెలో నోటు పుస్తకాలు, పేపరు కత్తిరింపులు ఉన్నాయి. అక్కగారేమో అన్నీ గ్రంథాలయానికి ఇచ్చేద్దామంటున్నారు. తమ్ముడేమో సంవత్సరీకానికి ఫోటోలతో స్మారక సంచిక వేసి బంధువులకు పంచుదామంటున్నాడు. ఏది మంచిదని మీరు అడిగారు.

నేను తిరుపతిలో గ్రంథపాలకురాలిగా పనిచేసి రిటైరయ్యాను. పెద్దవాళ్లు వదిలివెళ్లిన పుస్తకాలు సర్దే పనిలో చాలా కుటుంబాలకు తోడున్నాను. ఇప్పటికీ ఎవరైనా పిలిస్తే వెళ్తాను. సూటిగా చెబుతాను. రెండూ చేయండి, కానీ ఇప్పుడే కాదు. ముందు ప్రతి పుస్తకాన్నీ తెరిచి, అమ్మగారి చేతిరాత ఉన్నవాటిని వేరు చేయండి. వాటిని ఎవరికీ ఇవ్వకండి. మీ తమ్ముడు వేయాలనుకుంటున్న సంచిక ఆ చేతిరాతలోంచి రావాలి. మిగిలిన పుస్తకాలను అక్కగారు చెప్పినట్టు ఆ తర్వాత ఇవ్వవచ్చు.

ఎందుకంటే, నేను చూసిన స్మారక సంచికల్లో చాలావాటిలో పేరు మార్చితే ఏ అమ్మకైనా సరిపోయే మాటలే ఉంటాయి. మొదటి పేజీలో దండ వేసిన ఫోటో, తర్వాత ప్రేమమూర్తి, త్యాగమయి, అన్నపూర్ణ అనే విశేషణాలు, చివర మనవళ్ల పేర్లు. అవన్నీ నిజమే కావచ్చు. అయితే మీ అమ్మగారు రాత్రి వంటిల్లు కడుక్కున్నాక చంద్రగిరి రాజుల గురించి చదువుతూ కూర్చున్న మనిషి. ఆ మనిషి ఆ విశేషణాల్లో కనబడరు. ‘అమ్మకు పుస్తకాలంటే ప్రాణం’ అని రాసినా కనబడరు. ఏ పుస్తకం, ఏ పేజీ, అక్కడ ఏం అనిపించి పెన్సిల్ తీశారు అనేది రాస్తేనే కనబడతారు.

ఒక ఇంటి సంగతి చెబుతాను. చంద్రగిరిలో ఒక పెద్దావిడ పోయాక ఆమె కొడుకు నన్ను పిలిచారు. పుస్తకాల్లో పిల్లల హైస్కూలు చరిత్ర పాఠ్యపుస్తకం ఒకటి ఉంది. అట్ట ఊడిపోయింది. కొడుకు దాన్ని పాత పేపర్ల కట్టలో వేశారు. నేను తీసి చూస్తే, ఇంగ్లీషువాళ్లు 1639లో మద్రాసులో స్థలం సంపాదించారనే వాక్యం పక్కన సన్నని పెన్సిల్ రాత: ‘అప్పుడు మన చంద్రగిరిలో రాజు ఉన్నాడు కదా. ఆయన పేరు ఎందుకు రాయలేదు?’ ఆవిడ చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. కానీ అడిగిన ప్రశ్న సరైనది. ఆ స్థలం ఇచ్చింది స్థానిక పాలకుడు దామర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన పైన చంద్రగిరి, వేలూరుల నుంచి ఏలుతున్న ఆరవీటి వంశపు విజయనగర రాజు ఉన్నాడు. కోటకు కూతవేటు దూరంలో పుట్టి పెరిగిన ఆడమనిషి తన పిల్లల పుస్తకంలో తన ఊరిని వెతుక్కుంది. ఆ ఒక్క వాక్యాన్ని ఫోటో తీసి సంచిక మొదటి పేజీగా వేశాం. దండ ఫోటో వేయలేదు. బంధువులు చాలామంది ఆ పేజీ దగ్గరే ఆగిపోయి ఒకరికొకరు చూపించుకున్నారు.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను.

ప్రతి పుస్తకాన్నీ వెన్ను పట్టుకుని దులపకండి. అందరూ మొదట చేసేది అదే. మధ్యలో ఉన్న కాగితాలు రాలిపోతాయి. ఏది ఏ పేజీలో ఉందో ఆ తర్వాత తెలుసుకోవడం ఎవరి వల్లా కాదు. ఆర్టీసీ టికెట్టు, మందుల చీటీ, ఎండిన తులసాకు, పెళ్లి శుభలేఖ ముక్క, ఏది ఉన్నా ముందు ఆ పేజీ తెరిచి ఉండగానే ఫోన్లో ఫోటో తీయండి. పేజీ నంబరు రాసుకోండి. ఆ తర్వాతే తీయండి. శ్రీకాళహస్తి టికెట్టు, పాత శివాలయం ఉన్న గుడిమల్లం గురించిన పేజీలో దొరికితే ఆవిడ ఆ దారిలో వెళ్తూ చదివారేమోనని ఆలోచించడానికి ఆధారం ఉంటుంది. టికెట్టు ఒక్కటే చేతిలో ఉంటే అది ఉత్త కాగితం.

పెన్సిల్ రాతలు మసకబారి ఉంటాయి. కిటికీ దగ్గర కూర్చుని, వెలుతురు పక్క నుంచి పడేలా పుస్తకం పట్టుకుంటే కాగితం మీద పడిన గాడి కనబడుతుంది. ఫ్లాష్ వేయకండి. స్కానర్ దొరికితే 300 డిపిఐ (బొమ్మ ఎంత వివరంగా రావాలో చెప్పే అంకె) చాలు. పాత ఫోటోలకు మాత్రం 600 పెట్టండి. ఒక్కొక్క ఫైలుకు పుస్తకం పేరు, పేజీ నంబరు వచ్చేలా పేరు పెట్టండి. రెండు వేర్వేరు చోట్ల దాచండి. మీ ఫోన్లో ఒకటి, అక్కగారి కంప్యూటర్లో ఒకటి ఉన్నా సరిపోతుంది.

పేపరు కత్తిరింపుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ముందు పాడయ్యేవి అవే. న్యూస్‌ప్రింట్‌లో కొయ్యగుజ్జు ఎక్కువ. దానిలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం వెలుతురు, గాలి తగిలి పసుపు రంగుకు తిరుగుతుంది. క్రమంగా ఆమ్లం పుట్టి కాగితం పొడిపొడిగా రాలుతుంది. పక్కన ఉన్న మంచి కాగితానికి కూడా ఆ మచ్చ అంటుతుంది. పైగా మన అమ్మలు అన్నం మెతుకుతోనో మైదా జిగురుతోనో అతికించేవారు. పురుగులకు అది విందు. అతికించినదాన్ని ఊడదీయకండి, అలాగే ఫోటో తీయండి. విడిగా ఉన్నవాటి మధ్య తెల్ల కాగితం పెట్టండి. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి చిల్లులు చేస్తాయి కాబట్టి జాగ్రత్తగా తీసేయండి. చిరిగినచోట సెల్లోటేపు వేయకండి, ఆ జిగురు నల్లబడి అక్షరాల్లోకి దిగుతుంది. లామినేషన్ అసలు వద్దు. ఒకసారి చేయిస్తే ఆ కాగితాన్ని మళ్లీ బయటికి తీయలేరు. ఎండలో ఆరబెట్టే అలవాటు మన దగ్గర ఉంది. నీడలో, గాలి ఆడేచోట పెడితే చాలు. బీరువా గోడకు ఆనుకుని ఉంటే నాలుగంగుళాలు ముందుకు జరపండి. చెమ్మ, చెదలు వచ్చేది ఆ వైపు నుంచే.

ఒక ఇంట్లో 2010 మే 26న శ్రీకాళహస్తి రాజగోపురం కూలినప్పటి వార్త దొరికింది. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురం అది. ఆ ఇంటి పెద్దావిడ వార్త కత్తిరించి నోటు పుస్తకంలో అతికించి కింద ఇలా రాశారు: ‘నా పెళ్లయిన మూడో రోజు ఈ గోపురం కింద నిలబడి తల ఎత్తి చూశాను. నెత్తిన కొంగు జారిపోయింది, అత్తగారు కోప్పడ్డారు.’ ఆ ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు, గోపురం పడిపోయిన రోజు కాగితానికి చెప్పుకుంది. కూతురు ఆ నోటు పుస్తకం మూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అందుకే, కత్తిరింపులు చూసేటప్పుడు వార్త ఒక్కటే చదివి పక్కన పెట్టకండి. అంచుల్లోనూ వెనకవైపూ చూడండి.

తేదీల విషయం. ఆ తరంవాళ్లు నోటు పుస్తకాల్లో ఇంగ్లీషు సంవత్సరానికి బదులు తెలుగు సంవత్సరం పేరు రాయడం మామూలే. ‘ఆంగీరస కార్తీకం’ అని ఉంటే 1992 అక్టోబరు, నవంబరు అని పట్టుకోవచ్చు. 1987 ఉగాదితో ప్రభవ మొదలైందని గుర్తుంచుకుని అక్కడి నుంచి లెక్కపెట్టుకోండి. ఉగాదికి ముందు వచ్చే మాఘ, ఫాల్గుణాలు తర్వాతి ఇంగ్లీషు సంవత్సరంలో పడతాయి. ఆంగీరస మాఘమంటే 1993 మొదటి నెలలు. పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి కాబట్టి అమ్మగారి తల్లిగారి రాత ఏదైనా కలిసి ఉంటే అదే ఆంగీరస 1932 కూడా కావచ్చు. సిరా, చేతిరాత తీరు చూస్తే తేడా తెలుస్తుంది. ఒకే మనిషి రాత కూడా మారుతుంది. కంటి శుక్లాలు ముదిరిన ఏళ్లలో అక్షరాలు పెద్దవై, వరుస తప్పవచ్చు. ఆ పేజీలను చూసి ‘ఇవి అమ్మ రాసినవి కావు’ అని పక్కన పెట్టేయకండి.

అమ్మగారు రాసుకున్న చరిత్రలో తప్పులు కనబడితే ఏం చేయాలని మీరు అడగలేదు. కానీ తప్పకుండా వస్తుంది, కాబట్టి ముందే చెబుతున్నాను. ఆవిడ మాటను దిద్దకండి, కింద చిన్న అక్షరాలతో మీ వివరణ వేయండి. ఉదాహరణకు పల్లవ రాణి సామవాయి తిరుమలకు భోగ శ్రీనివాసమూర్తి వెండి విగ్రహం సమర్పించిన సంగతి తిరుపతిలో చరిత్ర చదివే వాళ్లందరి నోట్సులోనూ ఉంటుంది. కొన్ని పుస్తకాల్లో ఆ సంవత్సరం 614 అని, మరికొన్నింటిలో 966 అని కనిపిస్తుంది. శాసనంలోని రాజు ఎవరనే లెక్క మీద ఆ తేడా వచ్చింది, ఇప్పుడు ఎక్కువమంది చరిత్రకారులు చెప్పేది 966. అమ్మగారు 614 అని రాసి ఉంటే ఆవిడ ఏ పుస్తకం చదివారో దాన్నిబట్టే తెలుస్తుంది. దిద్దేస్తే ఆ జాడ పోతుంది. ఇంకా మంచి సంగతి, ఒక నోటు పుస్తకంలో 614 కొట్టేసి పైన 966 రాసి ఉండటం నేను చూశాను. అంటే ఆవిడ మళ్లీ చదివారు, పోల్చి చూశారు, మనసు మార్చుకున్నారు. అంతకన్నా గొప్ప స్మారకం నాకు తెలియదు.

తోబుట్టువులనూ, ఇరుగుపొరుగునూ మీరు అడిగే ప్రశ్నలు కూడా ఇలాగే ఉండాలి. ‘అమ్మ గురించి నాలుగు మాటలు చెప్పండి’ అంటే అందరూ ఒకే మాట చెబుతారు, పాపం వాళ్ల తప్పు కాదు. ‘అమ్మ మీకు చెప్పిన కథ ఏది? ఎక్కడ నిలబడి చెప్పింది? మీకు ఏ పుస్తకం ఇచ్చి చదవమంది? మీరు చదవకపోతే ఏమంది?’ అని అడగండి. తిరుమలలో మహాద్వారం దాటగానే ఉండే మండపంలో కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవిల రాగి విగ్రహాలు ఉంటాయి కదా. జనం తోపులాటలో వాటిని చూడకుండానే వెళ్లిపోతారు. ఒక కుటుంబంలో నలుగురు పిల్లలూ విడివిడిగా చెప్పిన జ్ఞాపకం ఒకటే: అమ్మ క్యూలో తమ భుజం పట్టి అటు తిప్పి, రాయలవారు 1513 నుంచి 1521 లోపల ఏడుసార్లు ఈ కొండెక్కారని చెప్పడం. పెద్దకొడుక్కి అది విసుగు. చిన్నకూతురికి అదే అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. ఇద్దరి మాటలూ సంచికలో పక్కపక్కన వేశాం. విసుగు పడిన కొడుకు మాటలు తీసేయాలని అతనే పట్టుబట్టారు. తీయవద్దని నేను బతిమాలాను. పిల్లలకు విసుగొచ్చినా చెప్పడం మానలేదని ఆ మాటలవల్లే తెలిసింది.

ఫోన్లో రికార్డు చేయండి, కానీ ఎదుటివారిని అడిగి చేయండి. ఎనభై దాటిన వాళ్లతో ముందు మాట్లాడండి.

మీ అమ్మగారిది నారాయణవనం అనీ, నోట్సులో చంద్రగిరి, గుడిమల్లం, శ్రీకాళహస్తి అని ఊరి పేరు పెట్టి పేజీలు రాసుకున్నారనీ రాశారు. అది చూసి నాకు చాలా సంతోషం కలిగింది. మీరు ముగ్గురూ కలిసి ఆ ఊళ్లకు ఒక్కొక్కసారి వెళ్లి, ఏ ఊరి పేజీని ఆ ఊళ్లో పైకి చదవండి. చంద్రగిరి రాజమహల్‌లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, శుక్రవారం మూసి ఉంటుంది. గుడిమల్లానికి రేణిగుంట దాటి పాపానాయుడుపేట మీదుగా వెళ్లాలి. పరశురామేశ్వరుడి లింగం ముందు భాగంలో నిలబడిన శివుడి రూపం చెక్కి ఉంటుంది, ఒక చేతిలో గొర్రెపొట్టేలు, మరో చేతిలో చిన్న పాత్ర, భుజాన గండ్రగొడ్డలి, పాదాల కింద యక్షుడు. క్రీస్తుకు పూర్వపుదని ఎక్కువమంది పండితులు చెప్పే లింగం అది. దీపం వెలుతురులో ఆవిడ రాసిన వర్ణన చదివి, ఆవిడకు ఏది కనబడిందో, ఏది కనబడలేదో చూడండి. నారాయణవనం చివర పెట్టుకోండి. పుట్టిన ఊరి గురించి ఆవిడ తక్కువ రాసి ఉంటారు, చాలామంది అంతే. అక్కడ ఆవిడ చిన్ననాటి స్నేహితురాళ్లు ఎవరైనా ఉంటే ఆ ఖాళీ వాళ్లే పూరిస్తారు.

రెండు జాగ్రత్తలు. డైరీ లాంటివి దొరికితే అందులో ఇంటి గొడవలు, డబ్బు మాటలు, ఎవరి మీదైనా కోపం ఉండవచ్చు. ముగ్గురూ చదవకముందు ఒక్క పేజీ కూడా బంధువుల గ్రూపులో పెట్టకండి. ముగ్గురిలో ఒక్కరు వద్దన్నా అచ్చు వేయకండి. రెండోది, సీరియళ్ల సంగతి. కుట్టించిన సీరియళ్లను మీ కోసం స్కాన్ చేసుకోండి గానీ ఇంటర్నెట్లో పెట్టకండి. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక అరవై ఏళ్ల వరకు హక్కులు వారసులవి. ఆ లెక్కన అమ్మగారి సొంత రాతల మీద హక్కు ఇప్పుడు మీది, వాటిని నిశ్చింతగా అచ్చు వేసుకోవచ్చు.

సంచిక గురించి తమ్ముడికి నా మాటగా చెప్పండి. డెమ్మీ సైజులో, అంటే మామూలు నవల సైజులో, నాలుగు ఫారాలు చాలు. ఫారానికి 16 చొప్పున 64 పేజీలు వస్తాయి. ఆర్టు పేపరు ఫోటోలకు పెట్టి, మిగతాది మామూలు మంచి కాగితం మీద వేయించండి. చేతిరాత ఉన్న పేజీలను ఫోటోగా వేసి ఎదుటి పేజీలో అవే మాటలు అచ్చులో ఇవ్వండి, పిల్లలకు ఆ రాత చదవడం రాదు. చివర ఆవిడ చదివిన పుస్తకాల జాబితా తప్పకుండా ఉండాలి. పేరు, రచయిత, ఆవిడ కొన్న సంవత్సరం తెలిస్తే అది. విశేషణాలు ఎక్కడ కనబడినా కొట్టేసి ఆ చోట ఒక సంఘటన రాయమనండి. బంధువులకు మాత్రమే పంచేదానికి ఐఎస్‌బిఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) అవసరం లేదు. కావాలనుకుంటే మన దేశంలో అది ఉచితమే. ప్రూఫులు అమ్మగారి ఈడు వాళ్లెవరైనా ఒకరు చదవాలి, ఊరిపేర్లూ వరసలూ వాళ్లకే సరిగ్గా తెలుస్తాయి.

ఇప్పుడు అక్కగారి మాట, గ్రంథాలయానికి ఇవ్వడం. మంచి ఆలోచనే. అక్కడ ఏం జరుగుతుందో తెలిసి ఇవ్వండి. మామూలుగా గ్రంథాలయాలు ఒక మనిషి పుస్తకాలను ఒకేచోట ఉంచవు, విషయం ప్రకారం విడదీసి సర్దుతాయి. ఉన్నవే మళ్లీ వస్తే, గీతలు పడ్డవి వస్తే పక్కన పెట్టేస్తారు. అది వాళ్ల నిర్లక్ష్యం కాదు, స్థలం అంతే ఉంటుంది. అందుకని లారీలో వేసి పంపకుండా ముందు జాబితా పంపి ‘వీటిలో మీకు ఏవి కావాలి’ అని అడగండి. పాత ముద్రణలు, తాళపత్రాలు ఏవైనా ఉంటే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య పరిశోధన సంస్థ వారికి ముందు చూపించండి. జీవిత చరిత్రలు, పిల్లలు చదవగల చరిత్ర పుస్తకాలు నారాయణవనం బడికి ఇవ్వవచ్చు, అక్కడ పుస్తకాల మీద శ్రద్ధ ఉన్న ఉపాధ్యాయులు ఒక్కరైనా ఉన్నారని కనుక్కున్నాకే. లేకపోతే పుస్తకాలు తాళం వేసిన ఒక బీరువాలోంచి మరో బీరువాలోకి మారినట్టే. ఇచ్చే ప్రతి పుస్తకం లోపలి అట్టకు అమ్మగారి పేరు, ఊరు, ఏ ఏళ్ల మధ్య జీవించారో చిన్న చీటీ మీద అచ్చు వేసి అతికించండి.

లోపల వేరేవాళ్ల పేరున్న పుస్తకాలు, ఏదో గ్రంథాలయం ముద్ర ఉన్నవి కూడా దొరుకుతాయి. చదివేవాళ్ల ఇంట్లో అరువు పుస్తకాలు ఉండకుండా ఉండవు. వాటిని మీరే స్వయంగా తీసుకెళ్లి తిరిగి ఇవ్వండి. ‘అమ్మ మీ దగ్గర తెచ్చుకుంది’ అని గుమ్మంలో నిలబడితే, వాళ్లు లోపలికి పిలిచి మీకు తెలియని అమ్మగారి గురించి చెబుతారు. సంచికకు పనికొచ్చే విషయాలు ఎన్నో నాకు ఇలాగే దొరికాయి.

వేసవిలోగా ఇల్లు ఖాళీ చేయాలన్నారు కాబట్టి వారానికి బీరువాలో ఒక అర చొప్పున పెట్టుకుంటే సమయం సరిపోతుంది. బీరువా తెరవగానే ఏడుపు వచ్చే రోజు మూసేయండి, మరుసటి వారం చూడవచ్చు. కింది అరతో మొదలుపెట్టండి. మోకాళ్ల నొప్పులు వచ్చాక పెద్దవాళ్లు వంగి కింది అరను ముట్టుకోరు, కాబట్టి పాతవి, ఆవిడ వయసులో ఉన్నప్పుడు చదివినవి అక్కడే కదలకుండా ఉంటాయి. మొదటి రెండు అరల జాబితా తయారయ్యాక నాకు పంపండి, ఏది ఎక్కడికి వెళ్లాలో చూసి చెబుతాను.